బోసినోటి నుంచి టైటానియం పన్ను దాకా

మన ఊళ్ళో ఎవరికి పళ్ళు పోయాయో తెలుసుకోవాలంటే నోరు తెరిపించక్కర్లేదు, మామిడి కాలంలో చూస్తే చాలు. చిన్న రసాన్ని నలిపి జుర్రుకోవడానికి పళ్ళతో పనిలేదు. ఉప్పూకారం అద్దిన కలెక్టర్ కాయకీ, టెంకతో ఉన్న ఆవకాయ ముక్కకీ మాత్రం దవడ పళ్ళు గట్టిగా ఉండాలి. మా నాయనమ్మ ఏటా జాడీల కొద్దీ ఆవకాయ పెట్టేది. చివరి రోజుల్లో మాత్రం ఊట అన్నంలో కలుపుకుని ముక్క మా కంచాల్లో వేసేది. మా మీద ప్రేమతో వేస్తోందనుకునేవాళ్ళం. నమలలేక వేస్తోందని తెలియడానికి నాకు యాభై ఏళ్ళు దాటాల్సి వచ్చింది.

పళ్ళు పోవడం వయసుతో పాటు రాసిపెట్టి ఉన్నదని మన పెద్దల నమ్మకం. కానీ మనిషి ఏ కాలంలోనూ ఆ మాటతో సరిపెట్టుకోలేదు. సుశ్రుత సంహిత నోటికి వచ్చే జబ్బులు అరవై అయిదని లెక్క చెప్పి, పుచ్చిన పన్నుకు కృమిదంతం అని పేరు పెట్టింది. మన ఇళ్ళల్లో పిప్పిపన్నులో పురుగుందని అనడం అప్పటి మాటకు కొనసాగింపే. సముద్రాల అవతల మాయా నాగరికత వాళ్ళు ఇంకో అడుగు ముందుకు వేశారు. 1931లో హోండురాస్‌లో దొరికిన ఒక కింది దవడ ఎముకలో, ముందు పళ్ళ స్థానంలో గవ్వచిప్పతో చెక్కిన మూడు ముక్కలు ఉన్నాయి. అది సుమారు క్రీ.శ. 600 నాటిది. ఆ ముక్కల చుట్టూ ఎముక పెరిగిన గుర్తులు తరవాతి ఎక్స్‌రేల్లో కనిపించాయి.

ఐరోపా, అమెరికాల్లో చాలాకాలం కట్టుడు పళ్ళు డబ్బున్నవాళ్ళకే దక్కాయి. అమెరికా మొదటి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ 1789లో ప్రమాణం చేసేనాటికి ఆయన నోట్లో మిగిలింది ఒక్క పన్ను. ఆయన పెట్టుకున్నవి చెక్క పళ్ళని కథగా చెబుతారు గానీ, నిజానికి నీటిగుర్రం దంతంతోనూ మనుషుల పళ్ళతోనూ చేసినవి. 1815లో వాటర్లూ యుద్ధంలో చనిపోయిన సైనికుల పళ్ళు ఊడదీసి అమ్ముకున్నారు. ఒకరి బోసినోరు నింపడానికి పేదవాడి నోరో, శవం నోరో ఖాళీ అయ్యేదన్నమాట. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో గట్టి రబ్బరు, 1930ల చివర్లో అక్రిలిక్ ప్లాస్టిక్ వచ్చాకే పళ్ళ సెట్టు సామాన్యుడికి అందింది.

మన దేశంలో మొదటి దంత వైద్య కళాశాలను డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ 1920లో కలకత్తాలో ప్రారంభించారు. దంత వైద్యుల చట్టం 1948లో వచ్చింది. హైదరాబాదులో ప్రభుత్వ దంత వైద్య కళాశాల 1959లో మొదలైంది. తరవాత విజయవాడ, గన్నవరం దగ్గర చినఅవుటపల్లి, ఏలూరు దగ్గర దుగ్గిరాల కూడా దంత కళాశాలలకు చిరునామాలయ్యాయి. మా నాయనమ్మ కాలంలో పన్నునొప్పికి లవంగం, పళ్ళు తోముకోవడానికి వేపపుల్ల, ఇంకా తగ్గకపోతే పీకించుకోవడం. అంతకుమించి వైద్యం లేదు.

ఇంప్లాంట్ మాత్రం పళ్ళ కోసం మొదలైన పరిశోధన కాదు. 1952లో స్వీడన్‌లోని లుండ్‌లో పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ అనే వైద్యుడు ఎముకలో రక్తం ఎలా నడుస్తుందో చూడాలని కుందేళ్ళ కాలి ఎముకల్లో టైటానియంతో చేసిన చిన్న పరికరాలు అమర్చారు. పని అయ్యాక తీయబోతే అవి ఊడి రాలేదు. ఎముక ఆ లోహాన్ని పరాయిదనుకోకుండా కలుపుకుంది. దీనికే ఆయన తరవాత ఆసియోఇంటిగ్రేషన్ అని పేరు పెట్టారు. 1965లో పుట్టుకతోనే దవడ లోపమున్న యోస్టా లార్సన్‌కు టైటానియం మరలు బిగించి వాటి మీద పళ్ళు కట్టారు. 2006లో ఆయన చనిపోయేదాకా, నలభై ఏళ్ళకు పైగా, ఆ పళ్ళు పనిచేశాయి. అయినా దంత వైద్య లోకం చాన్నాళ్ళు నమ్మలేదు. 1982లో టొరంటోలో జరిగిన సదస్సు తరవాతే ఈ పద్ధతి ప్రపంచమంతా పాకింది.

టైటానియం మనకు కొత్త సరుకేమీ కాదు. దాని ముడి ఖనిజం ఇల్మనైట్ మన భీమునిపట్నం తీరం నల్ల ఇసుకలోనే ఉంది. 1973లో హైదరాబాదులో ఏర్పడిన మిధాని సంస్థ టైటానియం మిశ్రలోహాలు తయారుచేస్తోంది.

ఇక నా సంగతి. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో కింది దవడ పన్ను ఒకటి పీకించుకుని, ఒక్కటే కదా అని వదిలేశాను. ఇరవై ఏళ్ళ తరవాత ఇంప్లాంట్ కోసం వెళితే డాక్టరుగారు స్కాన్ చూపించి, మర బిగించడానికి ఎముక చాలదన్నారు. వేరు పోయిన చోట ఎముక కరిగిపోతుందనీ, ఆ కరుగుదల మొదటి ఏడాదిలోనే ఎక్కువనీ అప్పుడే తెలిసింది. ముందు షుగరు అదుపులోకి తెచ్చుకున్నాను, చుట్ట మానేశాను. ఎముక పొడి వేసి, అది గట్టిపడ్డాక మర బిగించి, మళ్ళీ కొన్ని నెలలు ఆగి పైన పన్ను తొడిగారు. మొత్తం ఏడాది పట్టింది, ఒక్క పన్నుకే వేలకు వేలు అయ్యాయి. పోయిన వేసవిలో ఆవకాయ ముక్క టెంకతో సహా కొరికాను. నాయనమ్మ గుర్తొచ్చింది.

మిత్రులారా, ఇంప్లాంట్ అందరికీ అందదు, అందరికీ సరిపడదు. పెట్టించుకున్నాక కూడా రోజూ శుభ్రం చేసుకోకపోతే దాని చుట్టూ చిగురు చెడి వదులవుతుంది. చాలామందికి ఇప్పటికీ మంచి పళ్ళ సెట్టే ఆధారం, అందులో చిన్నతనమేమీ లేదు.

మన సంఘం యాభై ఏళ్ళ పండగ సందర్భంగా నాదొక విన్నపం. పిల్లలకు ఆరో ఏట, పాలపళ్ళ వెనకాల, ఏ పన్నూ ఊడకుండానే మొదటి శాశ్వత దవడ పన్ను వస్తుంది. అదీ పాలపన్నేననుకుని, పుచ్చినా పట్టించుకోం. నాకు పోయింది సరిగ్గా ఆ పన్నే. సంఘం తరఫున ఏటా ఒకరోజు దంత వైద్యులను పిలిపించి మన ఊరి బడుల్లో చిన్న తరగతుల పిల్లల నోళ్ళు చూపిద్దాం. నా ఒక్క పన్నుకైన ఖర్చుతో ఎంతమంది పిల్లల పళ్ళు నిలబెట్టొచ్చో లెక్కలు బాగా వచ్చిన మన బ్యాచ్ మిత్రులే చెప్పాలి.