ముల్లును పంగయు

సూరతు నగరమునకు దక్షిణముననున్న ఉధ్నాలో మరమగ్గముల చప్పుడు నడుమ తెలుగుమాట వినవచ్చును. తెలంగాణ జిల్లాల నుండి వలసవచ్చిన పద్మశాలీ కుటుంబములు అచ్చట నేతపనిలో నున్నవి. నాడెతో నడచు మరమగ్గమునకు ఒక ప్రక్కన సన్నని తీగముళ్ల సాధనమొకటి ఉండును. పేకనూలు వచ్చుచున్నంతసేపు అది ముళ్లను నెట్టుచుండును. నూలు తెగెనా, ముళ్లకు తగులునది లేక మగ్గము ఆగిపోవును. చేమగ్గముపై ఈ కావలి నేతగాని కంటిది. ఇంగ్లీషున దీని పేరు 'వెఫ్ట్ ఫోర్క్'.

ఈ 'ఫోర్క్' కొరకు నిఘంటువు తెరచిన అనువాదకునికి 'పిచ్‌ఫోర్క్' కూడ ఎదురగును. రెండును ఒకటే యని తోచును గాని, మొదటిది జాతినామము: చీలిన కొనలుగల ప్రతి పనిముట్టునకు, చీలిన దారికి కూడ అదే పేరు. రెండవది గడ్డి నెత్తి విసరు పొడవుపిడి సాధనము మాత్రమే. మన కళ్లములోని పంగలకర్రకు చుట్టము. దాని పూర్వరూపము 'పిక్‌ఫోర్క్'. విసరుట యను అర్థముగల 'పిచ్' సాహచర్యమున మాట మారెను. అన్నిటికిని మూలము లాటిను 'ఫుర్కా'. అది రైతు చేతి పంగ. తప్పుచేసిన బానిస మెడపై మోపించు పంగమ్రాను కూడ. దానిని మోయువాడు 'ఫుర్కిఫెర్', అనగా తుంటరి.

భోజనపు ముల్లు ఇంగ్లండున ఆలస్యముగ వాడుకకు వచ్చెను. మిఠాయిల కొరకు ధనికుల ఇండ్ల ముందే కొన్ని లేకపోలేదు. అయినను 1608లో ఇటలీ తిరిగి, అచ్చటి ముళ్ల వాడుకను 1611లో గ్రంథస్థము చేసినవాడు థామస్ కొర్యాట్. ఇంటికి వచ్చియు ముల్లుతోనే తినుచుండగా, లారెన్స్ విటేకరను మిత్రుడు భోజనపు బల్లయొద్ద అతనిని 'ఫుర్కిఫెర్' అని ఎగతాళి చేసెను. ఈ సంగతి కొర్యాటే వ్రాసికొనెను.

ఈతడు పిమ్మట కాలినడకన పారశీకము దాటి 1615లో అజ్మీరు చేరెను. జహంగీరు ఎదుట పారశీకమున ప్రసంగించెను. హిందుస్తానీ కూడ నేర్చెను. రాయబారి ఇంట ఉదయము నుండి సాయంత్రము వరకు కలహమాడు చాకలిస్త్రీని ఆమె భాషలోనే తిట్టి, ఉదయము ఎనిమిది గంటలకే నోరు మూయించెనని ఎడ్వర్డ్ టెర్రీ వ్రాసెను. భాషాజ్ఞానమునకు ఇంతకు మించిన పరీక్షాపత్రము నాకు తెలియదు! 1617 డిసెంబరులో, ఉధ్నా నేడు భాగమైయున్న ఆ సూరతులోనే మరణించెను.

ఆ ఎగతాళిని తెలుగు చేయుటెట్లు? హిందీలో 'కాంటా' యన్నచో భోజనపు ముల్లు వచ్చును, గడియారపు ముల్లును వచ్చును, తుంటరి రాడు. మన 'ముల్లు'కును అంతే గతి. 'పంగలకర్ర' యన్నచో కళ్లము వచ్చి, భోజనపు బల్ల పోవును. అయితే తెలుగున పంగనామము పెట్టుట యనగా మోసగించుట. కాబట్టి విటేకరు నోట 'పంగనామాలరాయుడా' యనిపింతును. మెడపై మ్రాను పోవును గాని, నవ్వు మిగులును. మగ్గముపైని దానిని మాత్రము 'పేకముల్లు' అందును. అది ఎత్తదు, విసరదు, నూలు తగులుచున్నదా యని చూచును.