గడిని ఎవరు కొంటారు?

జగిత్యాల, సిరిసిల్ల వైపు పల్లెల్లో ఊరి నడుమ ఎత్తైన ప్రహరీ, లోపల కుంగిన గూనల కప్పు, గోడ పగుల్లో మొలిచిన రావిచెట్టు కనిపిస్తే అదేమిటని ఎవరినీ అడగనక్కర్లేదు. అది గడి, ఒకప్పటి దొరవారి ఇల్లు. వారసులు పట్నంలోనో అమెరికాలోనో ఉంటారు. మంచి బేరం వస్తే అమ్ముదామనే ఉంటుంది వాళ్లకు. కొనేవాళ్లే కరువు.

మొదట కంటపడేది దర్వాజ. నిండు గడ్డిబండి దూరేంత ఎత్తు, ఇనుప బొడిపెలు దిగ్గొట్టిన టేకు తలుపులు. ఆ పెద్ద తలుపులోనే ఒక చిన్న తలుపు ఉంటుంది, దాన్ని దిడ్డి అంటారు. రోజూ తెరిచేది దాన్నే. దొర పిలిచాడని వచ్చిన మనిషి నడుము వంచకుండా అందులోంచి లోపలికి పోలేడు.

లోపల భవంతి. నాలుగు దిక్కులా అర్రలు, నడుమ ఆకాశం కనిపించే వాకిలి. పైన బంగ్లా, వెనుక పశువుల కొట్టాలు, వడ్లు పోసే గరిసెలు, గుమ్ములు. దూలాలకు, దంతెలకు ఆదిలాబాద్ అడవుల టేకు దగ్గర్లోనే ఉండేది. ఇక సున్నం సంగతి చెప్పాలి. సున్నాన్ని, ఇసుకను రాతి గానుగలో పోసి ఎద్దులతో తిప్పించి, కరక్కాయ, బెల్లం నానిన నీళ్లు కలిపి మెత్తగా నూరేవారు. గోడకు పూసి, నున్నటి గులకరాయితో రుద్ది రుద్ది మెరుగు పెట్టేవారు. మండు వేసవిలో అలాంటి గోడకు చెయ్యి ఆనిస్తే ఇప్పటికీ చల్లగా తగులుతుంది.

ఈ అందాన్ని మెచ్చుకునేవాళ్లు వెట్టిని మరిచిపోకూడదు. దొర ఇంటి పని ఊరి మీద మోపిన పని, చాలాసార్లు కూలి లేని పని. లోపలి అర్రల్లో దొరసానికి అరణంగా వచ్చిన దాసీలు, అంటే ఆడబాపలు, బతుకంతా వెళ్లదీశారు. 1988లో బి.నర్సింగరావు తీసిన ‘దాసి’ సినిమా చూసినవాళ్లకు ఆ అర్రల చీకటి ఎట్లాంటిదో తెలుసు.

గడి నిలిచింది భూమి మీద. వేల ఎకరాల పంట వచ్చి పడితేనే ఆ గరిసెలకు అర్థం. 1973 భూపరిమితి చట్టం ఒక కుటుంబానికి తరిలో 10 నుంచి 27 ఎకరాలు, మెట్టలో 35 నుంచి 54 ఎకరాలు హద్దు గీసింది. ఆ చట్టానికి పూనుకున్న ముఖ్యమంత్రి పి.వి.నరసింహారావు కూడా అప్పటి కరీంనగర్ జిల్లా వంగరలో భూస్వామి ఇంట పెరిగినవాడే. చట్టం కాగితం మీద ఎంత గట్టిదైనా ఊళ్లలో అమలు నత్తనడక నడిచింది. 1978 సెప్టెంబరులో రైతుకూలీలు జగిత్యాల జైత్రయాత్రకు కదిలారు. ఊళ్లల్లో దొరలకు చాకలి, మంగలి పనులు బందయ్యాయి. అక్టోబరు 20న ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాలలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. దొరలు పట్నం బాట పట్టారు. గడులకు తాళాలు పడ్డాయి. కొన్నింట్లో బడి పెట్టారు, కొన్నింట్లో పోలీసు క్యాంపులు వెలిశాయి.

అలా తాళం పడ్డ గడిని ఇప్పుడు అమ్మడమంటే చిక్కే. పల్లె నడుమ ఇళ్లు చాలావరకు గ్రామకంఠంలో ఉంటాయి, పట్టా కాగితాలుండవు. పంచాయతీ ఇంటిపన్ను రసీదే ఆధారం. మూడు తరాల పాలివాళ్ల సంతకాలు కావాలి. అవి కూడేలోగా బేరగాళ్లు వచ్చి, దర్వాజకు ఇంత, మొగురానికి ఇంత అని ధర కడతారు. తమిళనాడు చెట్టినాడులోనూ ఇదే కథ. అక్కడి భవనాల బర్మాటేకు స్తంభాలు, తలుపులు కారైక్కుడి పాతసామాన్ల బజారుకు చేరాయి. నగరంలో ఏ రెస్టారెంటు ముందరో నిలబెట్టిన పాత దర్వాజకు ఊరు పేరు ఉండదు.

విడగొట్టకుండా నిలబెట్టుకున్న చోట్లూ ఉన్నాయి. పొరుగున ఉన్న దోమకొండ కోటను దాని వారసులే బాగుచేయించుకున్నారు, 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం వచ్చింది. వంగరలో పీవీ ఇంటిని ఆయన జ్ఞాపకాల ప్రదర్శనశాలగా మలిచారు. దోమకొండంత ఖర్చు అందరి వల్లా కాదు. ఊరి గ్రంథాలయంగానో, నేతబట్టల అంగడిగానో, బాటసారుల బసగానో గడి మళ్లీ పనికొస్తే చాలు. ఏం చేసినా దిడ్డిని మాత్రం దాని తలుపులోనే ఉంచాలి. దొరవారి బంగ్లా ఎంత ఎత్తుగా ఉండేదో, ఊరివాళ్లు ఎంత వంగి లోపలికి పోయేవారో పిల్లలు అక్కడే నిలబడి చూడాలి.

సున్నం పూత లోపలి మందపు మట్టిగోడకు ఎండ శత్రువు కాదు. గూన జారిన సందులోంచి దిగే నీళ్లే దాన్ని లోపల్నుంచి కరిగిస్తాయి. కొన్నవాళ్లు ముందు చేయించాల్సింది రంగులు కాదు. రోహిణి ఎండలు ఉండగానే కప్పు ఎక్కించి గూనలు సర్దించాలి.