పిల్లల్లో మిస్-సి: పొట్ట స్కానింగ్

కరోనా సోకిన పిల్లల్లో బహు కొద్దిమందికి, రెండు నుంచి ఆరు వారాల తర్వాత, ఒంట్లోని పలు అవయవాలు ఒకేసారి వాచే తీవ్రమైన జబ్బు వస్తుంది. దీన్నే మిస్-సి అంటారు. 2020 ఏప్రిల్ చివర్లో బ్రిటన్ వైద్యులు దీని గురించి మొదట హెచ్చరించారు. మే నెలలో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం, ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని గుర్తించే ప్రమాణాలను ప్రకటించాయి. మొదట సోకిన కరోనా లక్షణాలేవీ లేకుండానే పోయి ఉండవచ్చు. అందుకే చాలా ఇళ్లలో తల్లిదండ్రులకు పాత ఇన్‌ఫెక్షన్ సంగతే తెలియదు.

వదలని జ్వరం, ఎర్రబడ్డ కళ్లు, ఒంటిమీద దద్దుర్లు దీని లక్షణాలు. అయితే ఎక్కువమంది పిల్లలు వాంతులు, విరేచనాలు, కడుపునొప్పితోనే ఆసుపత్రికి వస్తారు. నొప్పి తరచు పొట్ట కుడివైపు కింది భాగాన నిలుస్తుంది. మన దగ్గర '24 గంటల కడుపునొప్పి' అని పిలిచే అపెండిసైటిస్ కూడా అక్కడే వస్తుంది. అపెండిసైటిస్ అనుమానంతో వచ్చిన పిల్లల్లో మిస్-సి బయటపడిన ఉదంతాలను లండన్ వైద్యులు 2020లోనే ప్రచురించారు. స్కానింగ్ అసలు పని ఇక్కడే మొదలవుతుంది: ఈ బిడ్డకు ఆపరేషన్ కావాలా, మందులు కావాలా?

ముందు చేయాల్సింది అల్ట్రాసౌండ్. దానికి రేడియేషన్ ఉండదు, మత్తు అక్కర్లేదు, ఐసీయూలో మంచం దగ్గరే చేయవచ్చు. పలచటి పొట్టగోడ ఉన్న పిల్లల్లో లోపలి భాగాలు స్పష్టంగా కనిపిస్తాయి కూడా. ప్రోబ్‌తో పొట్టను మెల్లగా, క్రమంగా నొక్కుతూ పేగుల్లోని గాలిని పక్కకు తప్పించి అపెండిక్స్‌ను చూసే పద్ధతిని నెదర్లాండ్స్ రేడియాలజిస్టు పైలార్ట్ 1986లో వివరించారు. ఇప్పటికీ అదే ఆధారం.

మిస్-సిలో తరచు కనిపించేవి: చిన్నపేగు చివరి భాగం గోడ మందమెక్కడం, దాని చుట్టూ లింఫ్ గ్రంథులు గుంపుగా ఉబ్బడం, అక్కడి కొవ్వు వాచి తెల్లగా మెరవడం, పొట్టలో కొద్దిపాటి నీరు. కాలేయం పెరగవచ్చు, పిత్తాశయం గోడ ఉబ్బవచ్చు, మూత్రపిండాలు మామూలు కంటే తెల్లగా కనబడవచ్చు. వీటిలో ఏ ఒక్కటీ మిస్-సికే ప్రత్యేకం కాదు. చుట్టూ ఇంత వాపు ఉన్నా అపెండిక్స్ మాత్రం సన్నగా, నొక్కితే అణిగేలా ఉంటే ఆ సంగతిని రిపోర్టులో మొదటి వాక్యంగా రాయాలి. సర్జన్‌కు అన్నిటికంటే అవసరమైన సమాచారం అదే. అపెండిక్స్ 6 మిల్లీమీటర్లు దాటి, నొక్కినా అణగకపోతే అపెండిసైటిస్ అనుమానం బలపడుతుంది. అయితే మిస్-సిలో అపెండిక్స్ కూడా వాచిన సందర్భాలున్నాయి కాబట్టి కొలత ఒక్కటే తీర్పు చెప్పలేదు.

అపెండిక్స్ కనబడకపోయినా, చీముగడ్డ లేదా పేగుకు రంధ్రం పడిందన్న అనుమానం ఉన్నా సీటీ తీయాల్సి వస్తుంది. పిల్లల బరువుకు తగ్గట్టు రేడియేషన్ మోతాదు తగ్గించాలి. కాంట్రాస్ట్ మందు ఎక్కించే ముందు మూత్రపిండాల పనితీరు చూసుకోవాలి, ఎందుకంటే ఈ జబ్బులో అవీ దెబ్బతింటాయి. పొట్ట సీటీలో ఊపిరితిత్తుల అడుగు భాగమూ పడుతుంది. అక్కడ నీరు చేరినట్టు గాని, గుండె పెద్దదైనట్టు గాని కనబడితే వెంటనే పిల్లల వైద్యుడికి ఫోన్ చేసి చెప్పాలి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో చిక్కు ఇంకాస్త ఎక్కువ. వానాకాలంలో విరుచుకుపడే డెంగీలోనూ పిత్తాశయం గోడ ఉబ్బి, పొట్టలో నీరు చేరుతుంది. టైఫాయిడ్‌లోనూ, పేగుల క్షయలోనూ చిన్నపేగు చివరి భాగమే వాచి లింఫ్ గ్రంథులు ఉబ్బుతాయి. కాబట్టి రక్తపరీక్షల్లో సీఆర్‌పీ, ఫెరిటిన్, డి-డైమర్, ప్లేట్‌లెట్లు, కరోనా యాంటీబాడీల ఫలితాలను పక్కన పెట్టుకునే స్కాన్‌ను చదవాలి. మిస్-సి గుండెనూ దెబ్బతీయవచ్చు కాబట్టి గుండె ఎకో తప్పనిసరి. గుండె కండరం బలహీనపడిన బిడ్డకు అనవసరంగా మత్తిచ్చి పొట్ట కోయడం ప్రాణాల మీదికి తేవచ్చు.

ఇమ్యునోగ్లోబులిన్, స్టెరాయిడ్లు మొదలుపెట్టాక పొట్టలోని మార్పులు చాలామందిలో కత్తి పడకుండానే తగ్గుతాయి. స్టెరాయిడ్లు నొప్పిని, పొట్ట బిగుసుకోవడాన్ని కప్పిపుచ్చగలవు. అందువల్ల చికిత్స నడుస్తుండగా పొట్ట ఉబ్బినా, పచ్చటి వాంతులు మొదలైనా మరునాటి దాకా ఆగకుండా మళ్లీ స్కాన్ చేయాలి.