విక్టోరియా డాక్ అమరులు

1944 ఏప్రిల్ 14, మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతం. బొంబాయి విక్టోరియా డాక్‌లో నిలిచిన ఫోర్ట్ స్టికిన్ నౌక నుండి పొగ వెలువడింది. అందులో సుమారు 1,400 టన్నుల పేలుడు పదార్థాలున్నాయి. కరాచీలో పత్తి బేళ్లను కూడా అదే నౌకలోకి ఎక్కించారు. ప్రమాదకరమైన సరుకును సూచించే ఎర్రజెండా దానిపై ఎగరలేదు.

లోపల ఏమున్నదో తెలిసిన తరువాత కూడా అగ్నిమాపక దళం వెనుదిరగలేదు. నౌకను అక్కడే ముంచివేయాలా, సముద్రంలోకి లాగించాలా అన్న చర్చ మాత్రం అధికారుల మధ్య తెగలేదు. 4 గంటల 6 నిమిషాలకు తొలి పేలుడు, అరగంటకు మలి పేలుడు సంభవించాయి. వందలాది మృతులలో 66 మంది అగ్నిమాపక సిబ్బంది ఉన్నారు.

యుద్ధకాలపు సెన్సార్ ఈ వార్తను తొక్కిపట్టింది. జపాన్ అధీనంలోని సైగాన్ రేడియో మరునాడే దానిని ప్రసారం చేసింది. భారత పత్రికలకు మే నెల వరకు అనుమతి లభించలేదు.

నేడు ఏప్రిల్ 14 జాతీయ అగ్నిమాపక సేవా దినం. 20 వరకు వారోత్సవాలు. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ ఈ సేవలను పన్నెండవ షెడ్యూలులో, పురపాలక సంఘాలకు అప్పగించదగిన విధుల జాబితాలో చేర్చింది. పూలమాల జాతిది, బాధ్యత ఊరిది అన్నట్లయింది.

ఆ 66 మంది తమ విధిని నిర్వర్తించారు. నిర్ణయం తీసుకోవలసినవారు తీసుకోలేదు. వారి త్యాగాన్ని స్మరించే ప్రతి సభా ఈ రెండవ వాక్యాన్ని కూడా పలకాలి.