కరాచీ నుంచి జుహూకి ఏడుంబావు గంటలు

1932 అక్టోబర్ 15 ఉదయం 6:35కి కరాచీ ద్రిగ్ రోడ్ విమానాశ్రయం నుంచి చిన్న పుస్ మాత్ విమానం ఒకటి లేచింది. ఒకే ఇంజిన్, పాతిక కిలోల ఉత్తరాల సంచులు, నడిపేది 28 ఏళ్ల జె.ఆర్.డి. టాటా. మధ్యాహ్నం 1:50కి ఆయన బొంబాయి జుహూలో దిగారు.

రెండు ఊళ్ల మధ్య తిన్నగా గీత గీస్తే దాదాపు 870 కిలోమీటర్లే. గంటకు 160 కిలోమీటర్ల వేగంతో పోయే విమానానికి ఏడుంబావు గంటలు ఎందుకు పట్టింది? దారి తిన్నగా లేదు మరి. పెట్రోలు కోసం అహ్మదాబాద్‌లో దిగాలి. ఆ వంకరతో దూరం వెయ్యి దాటింది. అహ్మదాబాద్‌లో బర్మా షెల్ వాళ్లు పెట్రోలును నాలుగు గ్యాలన్ల డబ్బాల్లో ఎద్దుబండి మీద తెచ్చారు. టాటాల తొలి విమాన తపాలా సర్వీసుకు ఇంధనం అందించింది ఎడ్లే!

లండన్ ఉత్తరాలను ఇంపీరియల్ ఎయిర్‌వేస్ 1929 నుంచే కరాచీ దాకా మోస్తోంది. అక్కడి నుంచి దక్షిణాదికి రైలే గతి. ఈ లోటు పూడ్చాలన్న ఆలోచన నిజానికి నెవిల్ విన్సెంట్‌ది. బ్రిటిష్ వైమానిక దళంలో పనిచేసి వచ్చిన మనిషి. పేరు మాత్రం ఎక్కువగా టాటాకే దక్కింది. ఆ రోజు జుహూలో సంచులు అందుకుని మద్రాసు బయల్దేరింది విన్సెంటే. రాత్రి మకాం బళ్ళారిలో, మద్రాసు చేరింది మర్నాడు. తర్వాతి కాలంలో బళ్ళారి బదులు హైదరాబాద్ ఈ దారిలో మజిలీ అయింది.

జుహూ అప్పట్లో సముద్రం ఒడ్డున ఉన్న మట్టి మైదానం. వానాకాలంలో నీళ్లు నిలిచేవి, దాంతో సర్వీసు మకాం పూనాకు మారేది. అంటే ఋతువును బట్టి దూరం కూడా మారేదన్నమాట. అయినా 1933లో ఈ సర్వీసు లక్షా అరవై వేల మైళ్లు తిరిగి, పది టన్నులకు పైగా ఉత్తరాలు, 155 మంది ప్రయాణికులను చేరవేసింది.

జెట్లు వచ్చాక కరాచీ-బొంబాయి ప్రయాణం రెండు గంటల లోపుకు తగ్గింది. ఆ తగ్గుదల నిలకడగా లేదు. 1971 జనవరి చివర్లో శ్రీనగర్ నుంచి బయల్దేరిన భారత విమానాన్ని లాహోర్‌కు దారి మళ్లించి, ఆపై తగలబెట్టాక, పాకిస్థాన్ విమానాలను భారత్ తన గగనతలంలోకి రానివ్వలేదు. రాకపోకలు మళ్లీ మొదలైంది 1976లో. సందు దొరికిన కాలంలో, 1982 అక్టోబర్ 15న, 78 ఏళ్ల టాటా లెపర్డ్ మాత్ అనే పాతకాలపు విమానంలో మళ్లీ కరాచీ నుంచి జుహూ వచ్చారు.

ఆ తర్వాతి దశాబ్దాల్లో నేరుగా నడిచే విమానాలు ఆగిపోయాయి. 2025 ఏప్రిల్‌లో కశ్మీర్‌లోని పహల్గాంలో జరిగిన ఉగ్రదాడి తర్వాత రెండు దేశాలూ ఒకరి విమానాలకు మరొకరు గగనతలం మూసేశాయి. ఇప్పుడు కరాచీ నుంచి ముంబై రావాలంటే దుబాయ్ లాంటి మూడో చోటు తప్పదు. ముందు పడమరకు దాదాపు 1,190 కిలోమీటర్లు, తర్వాత తూర్పుకు 1,930. గాల్లోనే దాదాపు ఐదు గంటలు గడుస్తాయి. మధ్యలో రెండో విమానం కోసం ఎదురుచూపులు అదనం.