మన జీపు పికప్ చక్రాలు ఎందుకు వణుకుతున్నాయి: రెండు వందల ఏండ్ల కథ



పోయిన నెల కూటంలో మన పాత జీపు పికప్ గురించి గంటసేపు వాదన జరిగింది. అమ్మేద్దామని కొందరు, కొత్త స్టీరింగ్ బాక్స్ వేద్దామని కొందరు, డ్యాంపర్ ఒకటి బిగిస్తే చాలని మన పిల్లకాయలు. శివరాత్రికి కులదేవత గుడికి వంటపాత్రలు, బియ్యం మూటలు ఆ బండిలోనే పోవాలి. ముందు సీట్లో ఎప్పటిలాగే ఇద్దరు పెద్దవాళ్లు కూర్చుంటారు. కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ దాకా నాలుగు వరుసల రోడ్డు, పక్కన బస్సులు నూరు మీద పోతాయి. కాబట్టి ఇది డబ్బు లెక్క మాత్రమే కాదు. కూటంలో చెప్పడానికి సమయం చాలలేదు, ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పొడుగే, ఓపికగా చదవండి.

బండి జబ్బు ఇది. పిల్లకాయలు అందం కోసం పెద్ద టైర్లు వేసి, స్ప్రింగ్‌కు రెండు పట్టాలు కలిపి, షాకిల్ పొడుగు చేసి, నాలుగు అంగుళాలు పైకి లేపినారు. అప్పటినుంచి 50 దాటిన తరువాత ఒక చక్రం గుంటలో పడితే చాలు, ముందు చక్రాలు రెండూ పటపటా కొట్టుకుంటాయి. స్టీరింగ్ చేతిలో నిలవదు. వేగం బాగా తగ్గిస్తేనే ఆగుతుంది.

దీనికి కారణం తెలియాలంటే మన ఎద్దులబండి దగ్గరినుంచి రావాలి. ఎద్దులబండికి స్టీరింగ్ లేదు. ఎద్దులు తిరిగితే ఇరుసు మొత్తం తిరుగుతుంది. రెండు చక్రాల బండికి ఇది చాలు. నాలుగు చక్రాల గుర్రపు కోచ్‌లలో ముందు ఇరుసు మొత్తం నడుమన ఒక సీల మీద తిరిగేది. మలుపులో ఇరుసు అడ్డం తిరిగితే బండికి ముందువైపు ఆధారం ఇరుకైపోయి బోర్లాపడేది. మ్యూనిక్‌లో గేయోర్గ్ లాంకెన్‌స్పెర్గర్ అనే కోచ్ కట్టే ఆయన, ఇరుసును కదలకుండా ఉంచి, దాని రెండు కొనల్లో చక్రానికొక నిలువు సీల పెట్టినాడు. లండన్‌లో ఆయన ఏజెంటు రుడాల్ఫ్ ఆకర్‌మాన్ 1818లో పేటెంట్ తీసుకున్నాడు. లోకమంతా ఇప్పుడు దాన్ని ఆకర్‌మాన్ స్టీరింగ్ అంటుంది. పని ఒకరిది, ఫారం నింపినవాడిది పేరు. ఆఫీసులో పనిచేసినవాళ్లకు ఇది కొత్తకాదు.

ఆ నిలువు సీలనే మన మెకానిక్కులు కింగ్‌పిన్ అంటారు. చక్రానికి సొంత సీల వచ్చింది, దాంతోపాటు సొంతంగా అల్లాడే గుణం కూడా వచ్చింది. ప్లాట్‌ఫారం మీద చిన్న చక్రాల ట్రాలీ తోసినవాళ్లు చూసే ఉంటారు, వేగం పెరిగితే ఒక చక్రం పిచ్చిగా ఊగుతుంది. దీనికి మందు సైకిల్‌లో ఉంది. సైకిల్ ముందు ఫోర్కు నిలువుగా ఉండదు, పైభాగం వెనక్కి వాలి ఉంటుంది. ఆ వాలు గీతను నేల దాకా పొడిగిస్తే, టైరు నేలను తాకేచోటుకు కొంచెం ముందు పడుతుంది. అందుకే చక్రం వెంట ఈడ్చినట్టు వస్తుంది, తనంతట తానే నేరుగా నిలుస్తుంది. చేతులు వదిలి సైకిల్ తొక్కినామంటే దాంట్లో ఈ వాలుకు కూడా పాలుంది. మోటారు బండిలో ఈ వాలును కాస్టర్ అంటారు.

1920లలో కార్లకు గాలి తక్కువగా ఉండే మెత్తని బలూన్ టైర్లు, ముందు చక్రాలకు బ్రేకులు వచ్చినాయి. బరువు పెరిగింది, టైరు మెత్తబడింది, వణుకు వచ్చింది. అప్పుడు అమెరికాలో షిమ్మీ అని ఒక భుజాలూపే నాట్యం ఉండేది, ఆ పేరే ఈ జబ్బుకు పెట్టినారు. ఫ్రాన్స్‌లో బ్రూలియే అనే ఇంజనీరు 1925లో దీనిమీద లెక్కలు రాసినాడు. గట్టి ఇరుసు ఉంటే ఒక చక్రం లేచినప్పుడు రెండోది కూడా వాలుతుంది, అదే పెద్ద చిక్కు. జనరల్ మోటార్స్ వంటి కంపెనీలు 1934 నుంచి కార్ల ముందు ఇరుసునే తీసేసి చక్రానికి చక్రం విడిగా వేలాడగట్టినాయి.

జీపుకు ఆ భాగ్యం లేదు. 1940లో అమెరికా సైన్యం అడిగింది బురదలో నాలుగు చక్రాలూ లాగే చిన్న బండి. బాంటమ్ కంపెనీ మొదటి బండిని ఆ ఏడాది సెప్టెంబరు 23న అప్పగించింది. తరువాత విల్లీస్, ఫోర్డ్ కలిసి ఆరు లక్షలకు పైగా కట్టినాయి. బలంగా, చవగ్గా ఉండాలని గట్టి ఇరుసే ఉంచినారు. వణుకు రాకుండా కోణాలు మాత్రం చాలా జాగ్రత్తగా పెట్టినారు: కాస్టర్ 3 డిగ్రీలు, చక్రం బయటికి వాలేది ఒకటిన్నర డిగ్రీ, కింగ్‌పిన్ లోపలికి వాలేది ఏడున్నర డిగ్రీలు. రెండు చక్రాలు ముందువైపు ఒకదానికొకటి దగ్గరయ్యేది అంగుళంలో 3/64 నుంచి 3/32 దాకా, అంటే రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ. ఇంత చిన్న లెక్కల మీద ఆ బండి నిలబడింది.

ఆ తరువాత కథ మీకు తెలిసిందే. బొంబాయిలో మహీంద్రా వాళ్లు విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టి, తరువాత ఇక్కడే తయారుచేసినారు. 1953లో అమెరికాలో వచ్చిన ఎత్తు బానెట్ సీజే-3బీ అక్కడ 1968లో నిలిచిపోయింది, మన దేశంలో ఇంకా ఎన్నో ఏండ్లు వచ్చింది. మన కరిసల్ నేలలో వాన పడితే మామూలు లారీ చక్రం గారెపిండిలో వేలు పెట్టినట్టు దిగిపోతుంది. పత్తి, మిరప మూటలు ఊరినుంచి విరుదునగర్ మండీకి రావాలంటే జీపే దిక్కు. వెనక తొట్టి కట్టించి పికప్ చేసుకున్నారు. మన సంఘం బండి అట్లాంటిదే. మీటర్ గేజ్ రోజుల్లో పార్శిల్ ఆఫీసులో నా చేతిమీదుగా పోయిన స్ప్రింగ్ పట్టాలకు, గేర్‌బాక్సులకు లెక్కలేదు.

ఇప్పుడు పైకి లేపితే ఏమవుతుందో చూడండి. ఈ బండిలో ముందు స్ప్రింగ్‌కు షాకిల్ ముందు కొనలో ఉంటుంది. దాన్ని పొడుగు చేస్తే స్ప్రింగ్ ముందుకొన కిందికి దిగుతుంది, ఇరుసు పైభాగం ముందుకు తిరుగుతుంది. ఆ 3 డిగ్రీల కాస్టర్ కరిగిపోతుంది. సైకిల్ ఫోర్కును నిలువుగా వంచినట్టే. దానికితోడు చాసిస్ పైకిపోయి ఇరుసు కిందే ఉండిపోతుంది కాబట్టి, స్టీరింగ్ బాక్స్ నుంచి వచ్చే డ్రాగ్ లింక్ ఏటవాలుగా నిలబడుతుంది. గుంటలో స్ప్రింగ్ నొక్కుకున్నప్పుడు ఆ లింక్ ఒక దారిలో, ఇరుసు ఒక దారిలో కదులుతాయి. ఎవరూ తిప్పకుండానే చక్రం తిరుగుతుంది. బరువైన టైరు ఆ కదలికను ఇంకా పెంచుతుంది.

రైలులోనూ దీనికి అన్న ఉన్నాడు. రైలు చక్రం 20కి 1 చొప్పున కోసుగా ఉంటుంది, దానితోనే పట్టాల నడుమకు వస్తుంది. అదే కోసువల్ల అటూ ఇటూ పాము లాగా ఊగుతుంది కూడా, హంటింగ్ అంటారు. జర్మనీలో క్లింగెల్ 1883లో దానికి లెక్క కట్టినాడు. రైల్వేలో ఊగే బోగీకి రంగు వేసి పంపరు, చక్రాన్ని కొలుస్తారు.

అందుకే డ్యాంపర్ మాట నాకు నచ్చలేదు. డ్యాంపర్ జ్వరానికి తడిగుడ్డ. వణుకును కొంతకాలం దాచిపెడుతుంది, లోపల అరుగుదల పెరుగుతూనే ఉంటుంది. కొత్త బాక్స్ వేసినా ఇదే సంగతి. స్టీరింగ్ నుంచి చక్రం దాకా లెక్కపెట్టండి: బాక్స్, పిట్‌మన్ ఆర్మ్, డ్రాగ్ లింక్, బెల్ క్రాంక్, రెండు టై రాడ్లు, కింగ్‌పిన్లు. ప్రతి కీలులో గింజంత వదులు ఉంటే చివర చక్రం దగ్గర గుప్పెడు అవుతుంది.

నేలనుంచి పైకి రావాలి. మొదట టైరు గాలి, గుండ్రం, బ్యాలెన్స్. తరువాత జాకీ పెట్టి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాలి. ఒకరు బ్రేకు తొక్కి పట్టినప్పుడు ఊగడం ఆగితే చక్రం బేరింగ్ వదులు, ఇంకా ఊగితే కింగ్‌పిన్. కింగ్‌పిన్ మూతల కింద ఉండే సన్నని షిమ్ రేకులు తీసి బేరింగ్‌ను బిగించవచ్చు. టై రాడ్ విప్పి స్ప్రింగ్ త్రాసుతో లాగిచూస్తే రెండు పక్కలా ఒకే బరువు చూపాలి. తరువాత బెల్ క్రాంక్ సీల, ఎక్కువమంది మరిచేది దీన్నే. బాక్స్‌ను చివర చూడాలి, అదీ చక్రాలు నేరుగా ఉన్నప్పుడే స్క్రూ బిగించాలి. పక్కకు తిప్పిపెట్టి బిగిస్తే నడుమకు వచ్చినప్పుడు పట్టేస్తుంది.

ఇదంతా అయిన తరువాత కోణం. ఆ పొడుగు షాకిల్ తీసేసి పాతది వేయాలని నా అభిప్రాయం. పిల్లకాయలకు ఎత్తు కావాలంటే పట్టాలు ఉండనీ, కానీ స్ప్రింగ్‌కూ ఇరుసుకూ నడుమ వాలు రేకు పెట్టి కాస్టర్ తిరిగి తేవాలి, డ్రాగ్ లింక్ వాలు తగ్గేటట్టు కిందికి వంగిన పిట్‌మన్ ఆర్మ్ వేయాలి. వాలు రేకు మరీ మందంగా పెడితే ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్ విరుగుతుంది, కాబట్టి కొలిచి పెట్టాలి. స్టీరింగ్ భాగాలకు వెల్డింగ్ మాత్రం ఎవరు చెప్పినా వద్దు.

వచ్చే ఆదివారం పొద్దున ఆరు గంటలకు బండిని షెడ్డులో సమతలం మీద నిలబెడతాము. కోణం కొలిచే మట్టం, స్ప్రింగ్ త్రాసు నేను తెస్తాను. కింగ్‌పిన్ బేరింగ్ సెట్, టై రాడ్ కొనలు కొనడానికి కోశాధికారి అన్న అనుమతి కావాలి. షాకిల్ వేసిన తమ్ముళ్లు తప్పకుండా రండి, కోపంతో పిలవడం లేదు, బండి కింద పడుకునేందుకు నా నడుము ఒప్పుకోదు.