బూన్ లేలో కార్యాలయ భవనాల సైట్ ప్లాన్ పరిశీలన

సింగపూర్ పశ్చిమ భాగంలోని బూన్ లే ప్రధానంగా పారిశ్రామిక ప్రాంతం. అక్కడ చిన్న కార్యాలయ భవనం కట్టదలచినా, ఉన్న ఫ్యాక్టరీకి ఆఫీసు విభాగం చేర్చదలచినా సైట్ ప్లాన్‌కు ముందుగా ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. భూ వినియోగం, కట్టడం విస్తీర్ణం, రోడ్డుకు వదిలే దూరం, వాననీటి పారుదల, అగ్నిమాపక వాహనం దారి ఈ పరిశీలనలోని ముఖ్యాంశాలు. వీటిలో మొదటిది భూ వినియోగం. అది కుదరకపోతే మిగతావి ఎంత చక్కగా గీసినా ప్లాన్ ముందుకు కదలదు.

ప్రాంతం

గాంబియర్, మిరియాలు, ఆ తర్వాత రబ్బరు తోటలు నడిపిన చైనా సంతతి వ్యాపారి చ్యూ బూన్ లే (1852–1933) పేరు ఈ ప్రాంతానికి వచ్చింది. 1961లో జురాంగ్ పారిశ్రామిక వాడ పనులు మొదలయ్యాక చిత్తడి నేలలు, తోటలు ఉన్న చోట ఉక్కు కర్మాగారం, నౌకా నిర్మాణ కేంద్రాలు వెలిశాయి. 1968 జూన్ 1న ఏర్పడిన జురాంగ్ టౌన్ కార్పొరేషన్ (జేటీసీ) ఆ వాడ నిర్వహణ చేపట్టింది. 1990లో ప్రారంభమైన బూన్ లే మెట్రో స్టేషన్, దాని చుట్టూ ఉన్న నివాసాలు ప్రణాళికా పటం ప్రకారం జురాంగ్ వెస్ట్ కిందికి వస్తాయి. బూన్ లే ప్రణాళికా ప్రాంతంలో ఉన్నవి ఎక్కువగా ఫ్యాక్టరీలు, గోదాములు, షిప్‌యార్డులే.

అనుమతి ఇచ్చేది ఎవరు?

సింగపూర్‌లో మన మునిసిపాలిటీ, పంచాయతీ వంటి వేరే అంచె లేదు. టౌన్ కౌన్సిళ్లు ప్రభుత్వ ఫ్లాట్ల ఉమ్మడి స్థలాల నిర్వహణ చూస్తాయి. ప్లాన్ శాంక్షన్ వాటి పని కాదు. ప్రణాళికా అనుమతి 1974లో ఏర్పడిన పట్టణ పునరభివృద్ధి సంస్థ (యూఆర్ఏ) చేతిలో ఉంటుంది. 1989లో ప్రణాళికా శాఖ ఇందులో విలీనమైంది. నిర్మాణ భద్రతను భవన, నిర్మాణ సంస్థ (బీసీఏ) చూస్తుంది. పారిశ్రామిక వాడలో స్థలం తరచూ జేటీసీ లీజుపై ఉంటుంది కాబట్టి యజమాని హోదాలో ఆ సంస్థ సమ్మతి కూడా కావాలి.

జోన్, అరవై–నలభై నియమం

మాస్టర్ ప్లాన్ ప్రతి స్థలానికీ ఒక జోన్‌ను, ఒక ప్లాట్ రేషియోను (స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు ఫ్లోర్ ఏరియా కట్టవచ్చో చెప్పే నిష్పత్తి) నిర్ణయిస్తుంది. మొదటి మాస్టర్ ప్లాన్ 1958లో ఆమోదం పొందింది. ఇప్పుడు సుమారు ఐదేళ్లకోసారి దాన్ని సమీక్షిస్తారు. పరిశ్రమలకు బిజినెస్ 1, బిజినెస్ 2 అని రెండు జోన్లు ఉన్నాయి. మొదటిది తేలికపాటి, కాలుష్యం తక్కువగా ఉండే పనులకు, రెండోది భారీ పరిశ్రమలకు. ఈ రెండింటిలోనూ మొత్తం ఫ్లోర్ ఏరియాలో కనీసం 60 శాతం ఉత్పత్తి, గోదాము వంటి పారిశ్రామిక అవసరాలకే వాడాలి. ఆఫీసు, సమావేశ గదులు, ఉమ్మడి నడవాలు వంటివన్నీ మిగిలిన 40 శాతంలో సర్దుకోవాలి. ఆ ఆఫీసు అక్కడి పరిశ్రమకు అనుబంధంగా ఉండాలి. బయటి కంపెనీకి అద్దెకిచ్చే విడి ఆఫీసు భవనానికి ఈ జోన్లలో చోటు లేదు.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. స్థలం 2,000 చదరపు మీటర్లు, ప్లాట్ రేషియో 1.4 అనుకుంటే కట్టగలిగేది 2,800 చదరపు మీటర్లు. అందులో 1,680 పరిశ్రమకు పోగా ఆఫీసుకూ తక్కిన అన్ని అనుబంధ అవసరాలకూ కలిపి మిగిలేది 1,120 మాత్రమే. ఆర్కిటెక్టు మెట్ల వెడల్పు, నడవా పొడవు కూడా లెక్కగట్టి గీసేది ఇందుకే. ఫ్లోర్ ఏరియాను ఒక్కో శాఖ ఒక్కో తీరుగా కొలిచే ఇబ్బందిని తొలగిస్తూ 2023 జూన్ 1 నుంచి ఉమ్మడి నిర్వచనాలు అమల్లోకి వచ్చాయి.

సైట్ ప్లాన్‌లో చూసేవి

రోడ్డు స్థాయిని బట్టి ముందు ఖాళీ వదలాలి. అందులో కొంత పచ్చని పట్టీగా ఉంచి చెట్లు నాటాలి. దీన్ని జాతీయ ఉద్యానవనాల సంస్థ చూస్తుంది. కంటైనర్ లారీ స్థలం లోపలే తిరిగి, లోపలే సరుకు దించాలి. గేటు బయట రోడ్డు మీద బారులు తీరకూడదు. ఈ ఒక్క మలుపు కోసమే సెక్యూరిటీ గదిని, పార్కింగ్‌ను జరపాల్సి రావచ్చు. ఫైరింజను భవనం దగ్గరికి చేరే దారిని పౌర రక్షణ దళం పరిశీలిస్తుంది. వాననీటి విషయం జల సంస్థది. 2014 నుంచి 0.2 హెక్టార్లు, అంతకు మించిన స్థలాల్లో కొత్తగా కట్టేవారు వాననీరు ఒక్కసారిగా కాలువలోకి పోకుండా లోపలే కొంతసేపు నిలిపే ఏర్పాటు చేయాలి. పై ఉదాహరణలోని 2,000 చదరపు మీటర్లు సరిగ్గా ఆ హద్దు మీదే ఉంది. కాబట్టి ఆ యజమాని ట్యాంకుకో, మరో ఏర్పాటుకో చోటు చూపాలి.

దశలు, అప్పీలు

దరఖాస్తును యజమాని తరఫున రిజిస్టరైన ఆర్కిటెక్టు గానీ ప్రొఫెషనల్ ఇంజనీరు గానీ ఆన్‌లైన్‌లో సమర్పిస్తారు. 2023 డిసెంబరులో మొదలైన కోర్‌నెట్ ఎక్స్ వేదికలో ఒకే త్రిమితీయ నమూనాను శాఖలన్నీ కలిసి పరిశీలించి, ఉమ్మడిగా జవాబిస్తాయి. యూఆర్ఏ లిఖితపూర్వక అనుమతి తర్వాత బీసీఏ నుంచి భవన ప్లాన్ ఆమోదం, పని ప్రారంభ అనుమతి రావాలి. కట్టడం పూర్తయ్యాక తాత్కాలిక ఆక్యుపెన్సీ పర్మిట్ లేనిదే లోపల కూర్చోకూడదు. దరఖాస్తు తిరస్కరిస్తే 60 రోజుల్లో మంత్రికి అప్పీలు చేసుకోవచ్చు. ప్రజలు ప్రధానంగా తమ మాట చెప్పగలిగేది మాస్టర్ ప్లాన్ ముసాయిదా ప్రదర్శన సమయంలో. జోన్ ఖరారయ్యాక మిగిలేది ఎక్కువగా నియమాలతో సరిపోల్చే పనే.

తెలుగు నేలతో పోలిక

జురాంగ్ పేరు తెలుగువారికి కొత్త కాదు. 2015లో అమరావతి మాస్టర్ ప్లాన్ తయారీలో జేటీసీ వారసత్వం ఉన్న జురాంగ్ సంస్థ పాల్గొంది. తర్వాత అది సుర్బానా జురాంగ్‌లో భాగమైంది. మన దగ్గర 1973లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థకు (ఏపీఐఐసీ) పారిశ్రామిక వాడల్లో స్థానిక సంస్థ అధికారాలు దక్కాయి. భవన అనుమతుల విషయంలో తెలంగాణ 2020లో టీఎస్-బీపాస్ చట్టంతో స్వీయ ధ్రువీకరణను, పెద్ద భవనాలకు 21 రోజుల గడువును తెచ్చింది. వేగం విషయంలో ఇది మంచి మార్పు. అయితే ప్లాన్‌ను మీరి కట్టడం, తర్వాత క్రమబద్ధీకరణ పథకం కోసం ఎదురుచూడడం మన పట్టణాలకు పాత అలవాటు. దాని ఫలితం వానాకాలంలో నీళ్లు నిలిచే వీధుల్లో, ఫైరింజను దూరలేని సందుల్లో కనిపిస్తుంది. బూన్ లే పద్ధతిలో వాన, నిప్పు, లారీ మూడింటికీ కాగితం మీదే దారి చూపాలి. మనం తప్పక తీసుకోవలసిన పాఠం ఇదే. ఎక్కడైనా సరే, స్థలం కొనేముందు ఆ సర్వే నంబరు మాస్టర్ ప్లాన్‌లో ఏ జోన్‌లో ఉందో చూసి, భూ వినియోగ ధ్రువపత్రం చేతికి వచ్చాకే ఆర్కిటెక్టు దగ్గరికి వెళ్లాలి.